పోచమ్మ గుడి ముందు కంపెనీ గేటు

బుద్వేల్‌లో మా అపార్ట్‌మెంటు ముందు కూరగాయలమ్మే యాదమ్మ మనవరాలికి ఎండాకాలంలో టైఫాయిడ్ వచ్చింది. పిల్ల బతికి బట్టకడితే పోచమ్మకు బోనం ఎత్తుతానని యాదమ్మ మొక్కుకుంది. ఆషాఢం రాగానే "మా ఊర్ల బోనాలు చూడవా అక్కా, జర రా" అని పిలిచింది. గోదావరి జిల్లా వాళ్లం, ఇన్నేళ్లుగా ఇక్కడున్నా ఊరి బోనాలు చూసిందే లేదు. ఆదివారం బయలుదేరాను.

పొద్దున్నే ఆరాంఘర్ చౌరస్తాలో శంషాబాద్ బస్సు ఎక్కితే సీటు దొరుకుతుంది. అక్కడి నుంచి రావిర్యాల వైపు ఊళ్లకు షేర్ ఆటోలున్నాయి, నిండితేగానీ కదలవు. మనిషికి నలభై రూపాయలు. ఊరు దగ్గరపడ్డాక దారి పొడవునా ఒకటే కంపెనీ గోడ. దాని మీద 'ప్రజల మేలే మా ధ్యేయం' అన్న రాతలు, నవ్వే రైతుల బొమ్మలు. మంచి కంపెనీలా ఉందే అన్నాను. డ్రైవర్ అద్దంలోంచి నన్ను చూసి, "గోడ మీద మంచిగనే ఉంటదక్కా" అన్నాడు.

ఊర్లో తన ఇంట్లో యాదమ్మ పసుపు రాసిన కుండలో అన్నం పెట్టి, ఇంటి దేవుడి దగ్గర దీపం వెలిగించి కుండ మీద పెట్టుకుంది. ఎత్తిన బోనం అమ్మవారి ముందే దించాలట, ఈలోగా దీపం కొండెక్కకూడదట. గుడి దగ్గరే, కాకపోతే ఇప్పుడది కంపెనీ గోడ లోపల ఉంది. భూములు తీసుకునేటప్పుడు గుడికి తొవ్వ విడుస్తామని నోటిమాటగా చెప్పారట.

బోనాలెత్తిన ఊరి ఆడవాళ్లతో కలిసి వెళ్లాం. గేటు దగ్గర సెక్యూరిటీ అతను కుండలు దించితే తనిఖీ చేసి పంపుతానన్నాడు. దించేది లేదన్నారు ఆడవాళ్లు. అతను ఫోన్ చేస్తే లోపలినుంచి ఒక అధికారి వచ్చాడు. సంప్రదాయాలంటే తమకెంతో గౌరవమని చెప్పి, ఒక్క ఫోటో దిగి వెళ్లమన్నాడు. కానీ బ్యానర్ ఇంకా రాలేదు! తలల మీద బోనాలతో అందరూ నిలబడ్డారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంతలో చినుకులు పడి యాదమ్మ దీపం కొండెక్కింది. ఆ పెద్దమనిషి జేబులోంచి లైటర్ తీసి అంటించుకోమన్నాడు. ఇంటి దేవుడి దగ్గరే వెలిగించాలని ఆమె ఇంటికి మళ్లింది. వెంట నేనూ వెళ్లాను.

దీపం మళ్లీ వెలిగించుకుని వచ్చేసరికి ఫోటో అయిపోయింది, మిగతావాళ్లు మొక్కులు చెల్లించి వెళ్లిపోయారు, గేటు మూసేశారు. సార్లు పోయారని, తన చేతుల్లో ఏమీ లేదని సెక్యూరిటీ అతను తల దించుకున్నాడు.

"ఫోటోకు తెరిసిన గేటు మొక్కుకు తెర్వరా?" అంది యాదమ్మ. ఆమె బోనాన్ని ఆ ఇనుపగేటు ముందే దించింది. "తల్లీ, నేనైతే వచ్చిన. నువ్వే చూసినవ్" అని దండం పెట్టి ఏడ్చింది.

కంపెనీ పని లాభాలు తెచ్చుకోవడం, జనానికి మేలు చేస్తే అది వాళ్ల మంచితనం అని మా ఆఫీసులో తెగ చెప్తుంటారు. మంచితనానికి వదిలేస్తే ఇదిగో, ఫోటోగ్రాఫర్ ఉన్నంతసేపే ఉంటుంది. ఊరి భూమి తీసుకున్నాక ఊరికి దారి విడవడం వాళ్ల ఇష్టాయిష్టాల మీద ఎందుకుండాలి? చట్టం పెట్టి మెడలు వంచాల్సిందే. తిరుగు ఆటోలో యాదమ్మ ఒకే మాట అడిగింది, మొక్కు తీరినట్టేనా అని.

మీరూ ఆ ఊరి బోనాలకు వెళ్లేట్టయితే పెద్ద గొడుగు పట్టుకెళ్లండి. మీరు తడిసినా పర్వాలేదు, గేటు దగ్గర ఎవరి దీపానికైనా అడ్డం పట్టండి.