పెద్దాయన పక్కన ఆరు రోజులు

ఉదయం ఏడు గంటలకు అత్త ఫోన్ చేసింది. ఆమె నాకు బంధువేమీ కాదు. రెండుసార్లు మండల అధ్యక్షుడిగా, ఒకసారి జడ్పీటీసీ సభ్యుడిగా పనిచేసిన నాయకుడి భార్య. ఆయన నన్ను ముప్పయ్యేళ్లుగా అల్లుడా అని పిలుస్తున్నాడు కాబట్టి ఆమె అత్త అయింది.

"అల్లుడా, జర ఇంటికొచ్చి పో. ఫోన్ల చెప్పేది గాదు."

విలేకరికి ఇలాంటి ఫోన్ వస్తే అరెస్టయినా అయ్యుండాలి, పార్టీ మారడమైనా అయ్యుండాలి, లేదా చావైనా అయ్యుండాలి. నాగర్‌కర్నూల్ నుంచి లింగాల వైపు బండి మీద పోతూ, మూడింటికీ మొదటి వాక్యం మనసులో రాసుకున్నాను. అలవాటు చెడ్డది.

ఆయన వాకిట్లో కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, భుజం మీద తువాల. "రా అల్లుడా" అని నవ్వాడు. ఏ తేడా కనిపించలేదు. అత్త నన్ను వంటింట్లోకి పిలిచింది.

"నిన్న సొంత తమ్మున్ని పట్టుకొని, మీది ఏ ఊరు అని అడిగిండు" అంది. "హైదరాబాద్ దవాఖానల చూపించినం. గోలీలిచ్చిండ్రు. తగ్గేది గాదంట, పెరిగేదే అంట."

"మరి మళ్ల జడ్పీటీసీకి నామినేషన్ ఎట్ల ఏయనిచ్చినవ్ అత్తా?"

"నా మాట ఇంటడా? నాకేమైందే అంటడు. పార్టీ పెద్దలకు చెప్పొద్దని ఒట్టేయించుకుండు. నీకు ఊర్లన్నీ తెలుసు. పక్కన నడువు. మనిషి ఎదురొస్తుంటే చెవుల వరస చెప్పు. గంతే."

గంతే అంది గానీ, అది ఎంత పనో మా ప్రాంతం వాళ్లకు తెలుసు. మా ఊళ్లలో నాయకుడు మనుషుల్ని పేరు పెట్టి పిలవడు. కులం ఏదైనా, మతం ఏదైనా, ప్రతి ఇంటితో ఒక వరస ఉంటుంది. ఈ ఇంట్లో ఆమె వదిన, పక్కింట్లో ఆమె చెల్లె, సందు చివర దర్జీ సాయిబు చిన్నాయన. తాతల నాటి నుంచి వస్తున్న పిలుపు అది. చెల్లె కావలసిన మనిషిని వదినా అంటే ఆ ఇంట్లో మళ్లీ మంచినీళ్లు పుట్టవు. ఈయన మండలమంతటి వరసలనూ కాగితం లేకుండా మోశాడు. ఆయన రాజకీయమంతా అదే.

నేను వనపర్తిలో ఒక పేపరుకు కంట్రిబ్యూటర్‌గా మొదలుపెట్టి గద్వాలకు మారిన కొత్తలో ఆయన్ను మొదటిసారి చూశాను. వడ్డేపల్లి దగ్గర విత్తనాల కోసం వేసే సీడు పత్తి చేలల్లోకి కూలికి వచ్చిన లింగాల వైపు ఆడవాళ్లు కూలి సరిగా ఇవ్వలేదని పని ఆపి గట్టు మీద కూర్చున్నారు. వాళ్ల కోసం బస్సెక్కి వచ్చిన బక్కపలుచని మనిషి ఆయన. అప్పటికి వార్డు మెంబరు మాత్రమే. గట్టు పొడవునా నడుస్తూ ఒక్కొక్కరినీ వరస పెట్టి పలకరించాకే రైతుతో మాట్లాడాడు. సాయంత్రానికి కూలి ఇప్పించాడు. వార్త రాయడానికి వివరాలు అడిగితే, "నా పేరు రాయకపోయినా మంచిదే అల్లుడా, వాళ్ల ఊరి పేరు రాయి" అన్నాడు. అల్లుడిని నేను ఎప్పుడయ్యానో నాకు తెలియలేదు.

ఆయన కూడా చిన్నతనంలో మేస్త్రీల వెంట వలసపోయి మట్టి మోసినవాడే. అందుకేనేమో, దూరాన పనికి పోయిన కూలీ చనిపోతే శవాన్ని తీసుకురావడానికి తానే బయలుదేరేవాడు. ముంబై, పుణె, బళ్లారి. వ్యాన్‌లో శవం పక్కనే కూర్చొని వచ్చేవాడు. జనం ఓట్లేసింది దానికే. సర్పంచ్ అయ్యాడు, పైకి వెళ్లాడు, అసెంబ్లీకి నిలబడి ఓడిపోయాడు. ఒకసారి ఆయన తన పొలంలో సర్కారు బోరు వేయించుకున్నాడని నేనే రాశాను. మర్నాడు మా ఆఫీసుకొచ్చి కూర్చున్నాడు. "తప్పు రాసినవా?" "లేదు మామా." "మరి చాయ్ చెప్పు."

అలాంటి మనిషి పక్కన ఇప్పుడు నేను నడవాలి. ఉద్యోగం మానేసి రెండేళ్లయినా నన్ను అందరూ పేపరోడనే అంటారు. ఒక అభ్యర్థికి జబ్బుందన్న వార్తను దాచిపెట్టి, చెవిలో జవాబులు అందించే పని. ఒప్పుకోకూడదని తెలుసు. ఒప్పుకున్నాను.

మర్నాటి నుంచే ఊరూరూ తిరగడం మొదలైంది. ఎదురుగా మనిషి కనబడగానే ఆయన చెవి దగ్గరికి వంగేవాణ్ని. "మేనత్త వరస. కొడుకు ఆర్టీసీల కండక్టర్." "బావ. మొన్న ఆపరేషన్ అయింది." ఆయన అందుకునేవాడు. అందుకున్నాక ఎప్పటి మనిషే.

"ఓట్లప్పుడే యాదికొస్తమా తమ్మీ?" అని ఒక ముసలామె అడిగితే, "నీవు యాదికుండబట్టే గదక్కా ఓట్లకు నిలబడ్డ" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ప్రత్యర్థి మనుషులు ఇద్దరు ఫోన్లు పైకెత్తి మా వెనకే వస్తున్నారు. ఒక్క మాట తప్పితే చాలు, గంటలో అది ప్రతి వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. జిల్లా అంతా చూసి నవ్వుతుంది. నాకు ఓటమి భయం లేదు. ఆ నవ్వు భయం.

ఐదు రోజులు గడిచాయి. సాయంత్రం కారెక్కగానే ఆయన నా మణికట్టు పట్టుకొని ఊరు దాటేదాకా వదిలేవాడు కాదు. చెయ్యి చల్లగా ఉండేది.

ఆరో రోజు నామినేషన్లు వెనక్కి తీసుకోవడానికి ఆఖరి రోజు. పొద్దున ఒక తండా దాటి పక్క ఊళ్లోకి వచ్చాం. హోటల్ ముందు ఒకాయన నా భుజం పట్టుకొని ఆపాడు. "పేపరన్నా, మా రోడ్డు గురించి ఎప్పుడు రాస్తవ్?" విడిపించుకోవడానికి నిమిషం పట్టింది. ఆ నిమిషంలో పెద్దాయన ముందుకు పోయాడు.

నేను చేరేసరికి ఒక ఇంటి గడప ముందు నిలబడి ఉన్నాడు. లోపలి నుంచి చేట పట్టుకొని ఒకామె వచ్చింది.

"వదినా, బాగున్నవా? అన్న ఏడి? పొలం కాడికి పోయిండా?"

వరస సరిగ్గానే ఉంది. కానీ ఆ అన్న ముంబైలో కట్టడం మీది నుంచి పడి చనిపోయి ఎనిమిదేళ్లు. ఆ శవాన్ని ఈ గడప ముందుకు తెచ్చి దించింది ఈయనే. ఆ రోజు నేను ఇక్కడే ఉన్నాను.

వెంట వచ్చిన కార్యకర్తలు నేల చూపులు చూశారు. వెనక ఫోన్ల వాళ్లు దగ్గరికి జరిగారు.

ఆమె ఆయన ముఖం వైపు చూసింది. తర్వాత చేట కింద పెట్టి, "ఆ, మోటర్ బంద్ చేయనీకి పోయిండు" అంది. "వచ్చినంక చెప్త గానీ, ఎండల నిలబడకు, నీడకు రా."

ఆయన్ను అరుగు మీద కూర్చోబెట్టి చెంబుతో నీళ్లిచ్చింది. వెనక ఉన్న ఇద్దరిని చూసి, "ఏంది, మా ఇంట్ల పెండ్లయితుందా? ఫోటోలు తీయనీకొచ్చిండ్రా? పోండ్రి" అని కసిరింది. వాళ్లు ఈ ఊరి వాళ్లు కాదు, వాళ్లకేమీ తెలియలేదు. వెళ్లిపోయారు.

అప్పుడు నా దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించింది.

"ఎన్నాళ్ల సంది గిట్ల?"

నేను అరుగు వైపు చూశాను.

"నీకు తెలుసు గదా? తెలిసే తిప్పుతున్నవ్. నా మొగన్ని తెచ్చిన మనిషిని గిట్ల ఊరూరు తిప్పుతున్నవ్. సిగ్గున్నదా? ఇంటికి తీస్కపో."

కారులో ఆయన ఈసారి నా మణికట్టు పట్టుకోలేదు. కొంత దూరం పోయాక అడిగాడు.

"అన్న లేడు గదా?"

"లేడు మామా."

"నేనే తెచ్చిన గదా?"

"నీవే."

ఆయన కళ్లలో అప్పుడు కనిపించిన భయాన్ని నేను ఇంతకు ముందు ఒక్కచోటే చూశాను, శ్రీశైలం ఘాట్లో బ్రేకులు పోయిన బస్సులో. నా ముఖంలో ఏం కనిపించిందో, తల తిప్పుకున్నాడు.

"మూడింటి లోపల సంతకం పెట్టాలె గదా? ఆఫీసుకు పోనీయి" అన్నాడు.

"మామా, ఇయ్యాల తప్పుకుంటే అమ్ముడుపోయిండంటరు. బీమారని చెప్దాం. జనం అర్థం చేసుకుంటరు."

"వద్దు." డ్యాష్‌బోర్డు మీద అరచేత్తో కొట్టాడు. "అమ్ముడుపోయిండననీ. తిట్టుకోనీ. పాపం అననియ్యకు. ఒట్టెయ్యి."

వేశాను. మండల ఆఫీసులో ఎన్నికల అధికారి, "మీ ఇష్టంతోనే తప్పుకుంటున్నారా?" అని అడిగాడు. ఆయన తల ఊపి, తన పేరు ఒక్కో అక్షరం చూసుకుంటూ రాశాడు. నేను పక్కనే నిలబడి ఆ కలం ఎక్కడ ఆగిపోతుందోనని చూశాను. ఆగలేదు. బయట విలేకరులు నన్నడిగితే వ్యక్తిగత కారణాలన్నాను. ఆ మాటకు బేరం కుదిరిందని అర్థమని వాళ్లకు నేర్పింది నాలాంటి వాళ్లే. మర్నాడు అన్ని పేపర్లూ ఒకే రకంగా రాశాయి.

మూడు రోజుల తర్వాత మామ వాళ్ల ఊరి బస్టాండ్ దగ్గర చాయ్ తాగుతున్నాను. బల్ల మీద నలుగురు కూర్చొని ఆయన్నే తిడుతున్నారు.

"ముప్పయ్యేండ్లు నమ్మినం. ఆఖరికి పోటీలున్నోనికి అమ్ముకుండు."

"పేపరన్నా, నీవు పక్కనే ఉన్నవ్ గదా? జర చెప్పు, ఎంతకు బేరమైందో."

"నాకు తెల్వదు" అన్నాను.

అప్పుడే ఆయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, తువాల. వెనక పది అడుగుల దూరంలో అత్త. బల్ల మీద మాటలు ఆగిపోయాయి. ఆయన వాళ్ల మధ్యన చోటు చేసుకొని కూర్చొని, ఒక్కొక్కరి ముఖమూ చూశాడు.

"ఎవర్నో తిడుతుంటిరి గదా, ఆపిండ్రేంది? ఏం చేసిండు?"

ఒకడు, రెచ్చగొట్టడానికే, గట్టిగా అన్నాడు. "ఒక లీడర్ ఉండె. నమ్మినోళ్లను అమ్ముకొని పోయిండు."

నేను గ్లాసు కింద పెట్టాను. ఆయన ఆ మాటను శ్రద్ధగా విన్నాడు, చేలగట్టు మీద కూలీల మాట విన్నట్టే.

"పెద్ద తప్పు చేసిండు" అన్నాడు. "గసుంటోన్ని మళ్ల ఊర్లకు రానీయొద్దు."

బల్ల మీద వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకడు నా వైపు తిరిగాడు. అతని కళ్లలో ప్రశ్న మొలుస్తోంది. నేను లేచి, "మామా, ఇంటికి పోదాం పా" అని ఆయన చెయ్యి పట్టుకున్నాను.