ముసుగు వీరుడికి అక్క చెప్పిన తీర్పు

మా చిన్నప్పుడు గనుల ఊరు ఊరిగాంలో సినిమా ముగిసేది టాకీసులో కాదు... గని కూలీల వరస ఇళ్ళలో, మా లైను ఇంటి గడప మీద.

ముసుగు వీరుడి సినిమా చూసి రాగానే అక్క బొమ్మల కథల పుస్తకం ఒళ్ళో తెరిచేది. లైను పిల్లలమంతా బొరుగులు నములుతూ చుట్టూ చేరేవాళ్ళం. ఒక్కో పేజీ తిప్పుతూ, సినిమా వాళ్ళు ఏది ఉంచారు, ఏది మార్చారు అని విచారణ... తీర్పు మాత్రం అక్కదే.

ఒకసారి నాకు ఒళ్ళు మండిపోయింది. పుస్తకంలో వీరుడికి ఉన్నది మామూలు బట్ట అంగీ. సినిమాలో ఇనుప కవచం!

"బైబిల్లో చిన్నోడు దావీదుకు రాజు సౌలు కవచం తొడిగినట్టుండాది కదక్కా!" అన్నాను.

అక్క నవ్వింది. "అంగీ మారితే మారనీలేప్పా. కింద పడిన దొంగకు చెయ్యిచ్చి లేపినాడా లేదా, అది చూడు. వేషం మారొచ్చు... గుణం మారకూడదు."

ఆ లైను పిల్లాణ్ణే నేను, పెద్దయ్యాక కూటాల్లో దేవుని వాక్యం చెప్పేవాణ్ణయ్యాను. బడి చదువు తక్కువ, గొంతు ఎక్కువ.

పోయిన నెల ఆండర్సన్‌పేట ప్రార్థన కూటంలో గర్జించాను. "ముసుగు కట్టినోడు రక్షకుడా? అది విగ్రహం! ఇంట్లో ఉంటే కాల్చేయండి!"

ముందు వరుసలో అక్క మనవరాలు స్టెల్లా కూర్చుని ఉంది. పసిది... నమ్మింది. ఇంటికెళ్ళి తన బొమ్మల పుస్తకాలన్నీ నీళ్ళు కాగే అండా కింద మంటలో పెట్టేసింది. వాటితోపాటు అక్క దాచుకున్న ఆ పాత పుస్తకం కూడా.

సంగతి తెలిసి పరుగున వెళ్ళాను. టీవీలో కొత్త ముసుగు వీరుడి సినిమా వస్తోంది. అక్క పక్కన కూర్చోబెట్టుకుంటే స్టెల్లా భయంభయంగా చూస్తోంది. నన్ను చూడగానే ఆ పిల్ల లోపలికి పరిగెత్తి తలుపేసుకుంది.

అక్క తిట్టలేదు. "సరిచూసేదానికి ఇంగ ఆ పుస్తకం యాడుండాది?" అంది. తర్వాత నా చంకలోని గ్రంథం వైపు చూపించింది. "ఇది ఉండాది కదా. నీ ప్రసంగాన్నే సరిచూస్తాం రా. దీంట్లో మన రక్షకుడు పిల్లోళ్ళను దగ్గరికి పిలిచినాడు. నువ్వు చూపించిన ఆయప్పకు భయపడి మా బిడ్డ తలుపేసుకున్నాది. వేషం సరిగ్గానే ఉండాది తమ్ముడూ... గుణమే మారిపోయినాది."



ఇప్పుడు సినిమా వదలకముందే ఫోన్లలో అందరూ తీర్పులు చెప్పేస్తున్నారు. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, బొరుగులు పంచి, పిల్లల మాట విని తీర్పు చెప్పే గడపలు కనబడటం లేదు...

మీ అటకల మీద అలాంటి పాత బొమ్మల పుస్తకం ఏదైనా ఉందా? ఉంటే చెప్పండి, వచ్చి తీసుకుంటాను. స్టెల్లా తలుపు ముందు కూర్చుని పేజీలు తిప్పాలి... ఆ పిల్ల బయటికొస్తే తీర్పు దాన్నే చెప్పమంటాను. నేను వింటాను.