మావయ్య మోసిన నల్లరాళ్ళు

మావయ్యకు నల్లరాయి కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. పోస్టాఫీసులో కాగితాల మీద బరువు మాయమైంది. పళ్ళ డాక్టరు పూలకుండీ బోసిపోయింది. తాపీమేస్త్రి అయితే కడుతున్న గోడకు కాపలా కూర్చున్నాడు.

"పెద్దాయనా, అది గోడండీ."

"కనపడుతోంది. ఇంకా తడారలేదుగా. పై వరసే అడుగుతున్నా."

తెచ్చినవన్నీ మేనకోడలి ద్రాక్షతోటలో, తీగల మొదళ్ళలో పోసేవాడు.

ఆ పిల్ల అసలే దిగులు మీద ఉంది. తోట పల్లంలో, సముద్రానికి ఎదురుగా ఉంటుంది. బంకమట్టి, ఎప్పుడూ చెమ్మే. పొద్దు వాలితే చలిగాలి, తెల్లారితే పొగమంచు. ఆకు ఏపుగా వచ్చేది గానీ కాయ పులుపు వదిలేది కాదు. రెండేళ్ళుగా వైన్ ఫ్యాక్టరీవాళ్ళు ఒక పండు నోట్లో వేసుకుని, మాట్లాడకుండా బండెక్కేస్తున్నారు. ఈసారీ తీపి చాలకపోతే తీగలు పీకేయడమే.

"నా తోట నీకు చెత్తకుండీలా ఉందా మావయ్యా?"

"మా తోటలో చోటు లేదే."

"నా తోటలో ఉందా?"

"నీకేం పండుతోంది గనక. ఖాళీయేగా."

ఆమె ఒళ్ళు మండి పొద్దున్నే రాళ్ళన్నీ గట్టు మీదకి విసిరేసేది. సాయంత్రానికి అవి మళ్ళీ తీగల కిందే ఉండేవి, ఇంకో నాలుగింటిని వెంటేసుకుని. నెల తిరిగేసరికి ఆమె చేతులే ఓడిపోయాయి.

కోతల ముందు ఫ్యాక్టరీ ఆయన తీపి కొలిచే గాజుగొట్టంతో వచ్చాడు. ఒక చుక్క రసం వేసి చూశాడు. నమ్మకం కుదరక ఇంకోటి వేశాడు. తర్వాత వంగి, తీగ మొదట్లో రాయి మీద అరచెయ్యి ఆనించాడు. పొద్దు గూకి గంటైంది.

"ఇంకా వెచ్చగానే ఉంది. పగలంతా ఎండ దాచుకుని, చల్లబడ్డాక కాయకి పెడుతున్నాయి. ఎవరు పేర్చారమ్మా?"

ఆమె కూడా వంగి ఆ రాయి మీద చెయ్యి పెట్టి చూసింది.

"సరే, బండి ఎప్పుడు పంపమంటారు?"

మర్నాడు ఆమె మిట్ట మీదున్న మావయ్య తోటకు వెళ్ళింది. వెతికి చూసినా ఒక్క రాయి లేదు. ఉత్త మట్టి. ఇంతలో ఆయనే తట్ట మోసుకుంటూ గేటు దగ్గరికొచ్చాడు.

"చోటు లేదన్నావు?"

"చోటుకేం. మాది మిట్ట. పైకి మోస్తే నడుం పట్టేస్తుంది. మీది పల్లం, దొర్లిస్తే పోతుంది."

ఊరి నుంచి వచ్చే బాట ముందు మిట్టెక్కి, ఆ గేటు దాటాకే పల్లంలోకి దిగుతుంది. ప్రతి రాయీ అక్కడిదాకా ఎక్కి వచ్చిందే. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

"అవును పాపం, నీ నడుం," అంటూ తట్ట రెండోవైపు పట్టుకుంది. "ఇవెక్కడివి?"

"అడక్కు. వెనక్కి చూడకుండా నడు."