రాజేశం గిటారులో గుయ్యిమన్న చప్పుడు

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. కోరుట్లలో మా గల్లీవాళ్లు భయపడే దయ్యాల్లో సగం నేను పుట్టించినవే. పాత రైసుమిల్లులో నవ్వే ముసలమ్మ కూడా నా పనే. పుట్టించినవాడికి భయమేముంటుంది? అందుకే ఇది చెబితే ఎవరూ నమ్మరని తెలుసు. అయినా చెబుతున్నాను. ఇందులో నేను కలిపింది ఏమీ లేదు.

నాది మైకులు, ఆంప్లిఫయర్లు బాగుచేసే దుకాణం. నా బామ్మర్ది రాజేశం సిరిసిల్లలో సాంచాలు నడుపుతాడు. మరమగ్గాలను అక్కడ అట్లాగే అంటారు. నూలు దుమ్ముకు వాడి ఛాతీ పాడైంది. ఆ పని మానకపోతే మనిషి దక్కడని డాక్టరు చెప్పాడు. వాడికి వచ్చిన మరో పని గిటారు ఒక్కటే. మా మామ, అంటే వాళ్ల నాన్న, పోయాక ఆయన చేతిమగ్గం విప్పి, ఆ టేకు చెక్కతో వాడే ఒక ఎలక్ట్రిక్ గిటారు చేసుకున్నాడు. చూడటానికి బట్టలుతికే బండలా ఉండేది గానీ, పలికితే బంగారం.

ఒక్కటే లోపం. ప్లగ్గు పెట్టగానే స్పీకర్లో గుయ్యిమని హమ్మింగు. జగిత్యాలలో పెళ్లిళ్లకు పాడే ఆర్కెస్ట్రా ఓనరు వాడి వాయింపు విని తల ఊపాడు. "మంచిగనే వాయిస్తున్నవ్ తమ్మీ. గని గా సప్పుడుతోటి పెండ్లి పందిట్లకు పోతే నన్ను తరిమికొడ్తరు. అది పోయినంక రా, పనిల పెట్టుకుంట" అన్నాడు.

"గంతేనా? రెండు రోజులల్ల తీసేస్త" అని గొప్పలు పోయాను.

తీగలకు ఎర్తు ఇచ్చాను. లోపలంతా రాగి రేకు అంటించాను. వైర్లన్నీ మార్చాను. సాంచాల మోటార్ల వల్లేమోనని గిటారును కోరుట్ల తెచ్చాను. ఇక్కడా అదే. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ మీద పెట్టి చూశాను. ఇంటి కరెంటు లేనప్పుడు రాకూడని చప్పుడు అది. వచ్చింది.

చేసేది లేక గిటారును వాడికి తిరిగి ఇచ్చేశాను. తర్వాత ఒక అమావాస్య నాడు సిరిసిల్ల పోయాను. మామ బతికున్నన్నాళ్లు అమావాస్యకు మగ్గం ముట్టలేదు. నేతపనివాళ్ల పాత ఆచారం. ఆయన పోయినా అత్తమ్మ ఆ చెక్కకు అదే నేమం పెట్టింది. ఆ రోజు తీగ మీద ఎవర్నీ వేలు వేయనియ్యదు. నేను గోడకున్న గిటారుకు వైరు తగిలించి స్విచ్చు మాత్రం వేశాను. చప్పుడు లేదు. పక్క షెడ్డులో సాంచాలు నడుస్తూనే ఉన్నాయి. పై అమావాస్యకూ అంతే.

కారణం నాకెందుకు, పని కావాలి గానీ. ఓనరుకు ఫోన్ చేసి, ఆ తర్వాతి అమావాస్యకే రాజేశాన్ని మళ్లీ వినేటట్టు ఒప్పించాను.

బయల్దేరేటప్పుడు అత్తమ్మ గడపలో అడ్డం నిలబడింది. "అల్లుడా, గియ్యాల గా కట్టెను ఎందుకు ముడుతున్నవ్?"

"ముడుతలేనత్తమ్మా, సంచిల ఏసుకుంటున్న."

"నీ నోటికి మొక్కాలె" అంది. నవ్వలేదు.

జగిత్యాలలో మిట్టమధ్యాహ్నం. ప్లగ్గు పెట్టాం. స్పీకరు నిశ్శబ్దం. "గిట్లుండాలె" అన్నాడు ఓనరు. రాజేశం తీగ మీటాడు.

ఏమీ రాలేదు.

మళ్లీ మీటాడు. లేదు. అప్పుడు గానీ నాకు తట్టలేదు, అమావాస్య నాడు దాన్ని మేం ఒక్కసారి కూడా వాయించి చూడలేదని. వెనక మూత విప్పి మీటరు పెట్టాను. ఎక్కడా తెగలేదు, అంతా బాగుంది.

"బావా బామ్మర్దులు కలిసి సప్పుడుతోటి పాటను గూడ తీసేసిన్రా?" అని ఓనరు నవ్వి, తన కొత్త గిటారు రాజేశం చేతికిచ్చాడు.

గుయ్యిమంది. అదే చప్పుడు. నెలల తరబడి విన్నాను, పొరపాటు పడే అవకాశమే లేదు.

ఓనరు తీసుకుంటే ఆగింది. రాజేశం పట్టుకుంటే మొదలైంది. చెయ్యి తీగ మీద పెడితే హమ్మింగు తగ్గాలి, ఎవరికైనా అంతే. వాడు పెడితే పెరిగింది. వైరు మార్చారు, ఆంప్లిఫయరు మార్చారు. చివరికి గిటారు లేకుండా ఊరికే స్పీకరు పక్కన నిలబడమన్నాడు ఓనరు. వాడు నిలబడ్డాడు.

గుయ్యిమంది.

ఎవరూ నవ్వలేదు. ఓనరే స్విచ్చు తీసేసి, "అన్నా, మీరు పోన్రి. గా కట్టెను గూడ కొంచవోన్రి" అన్నాడు మెల్లగా.

ఎర్తు అనో, తేమ అనో, గది వైరింగు అనో నేను నాలుగు కారణాలు చెప్పగలను. చెప్పాను కూడా. ఏదీ నాకే నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు.

రాజేశం మళ్లీ సాంచాలకే పోయాడు. దగ్గు ఎక్కువైందని అత్తమ్మ ఏడిస్తే, మొన్న నేనే షెడ్డుకు పోయాను. లోపల ఒకరి మాట ఒకరికి వినపడదు. వాడి చెవి దగ్గర నోరు పెట్టి, "గీ దుమ్మెందుకు తింటున్నవ్ రా? నా దుకాణంల కూసో" అన్నాను.

"వద్దు బావా. నీ దుకాణం నిమ్మళంగుంటది" అన్నాడు. "గీడ గీ మోతల గా సప్పుడు ఇనస్తలేదు."

"స్పీకరు కాడ నిలవడితెనే గదరా అచ్చింది?"

వాడు తెగిన పోగు ముడివేస్తూ ఉండిపోయాడు.