జూలీ అన్నం ముట్టని రోజులు

1983 వర్షాకాలంలో నన్ను గాజువాక దగ్గర ఒక కాపలా సంస్థలో, కుక్కల విభాగానికి కెన్నెల్ అసిస్టెంటుగా వేశారు. స్టీలు ప్లాంటు నిర్మాణం సాగుతున్న రోజులవి. ఇనుము, సిమెంటు నిల్వ ఉంచే యార్డులకు కాపలా కుక్కలను తయారుచేసి పంపేవాళ్లం. నేను బడి మొహం చూసినదాన్ని కాదు. నాన్న ఇంట్లోనే బైబిలు ముందు పెట్టి అక్షరాలు దిద్దించారు. అయినా నన్ను పనిలోకి తీసుకున్నారు. ఆ మేలు ఈనాటికీ తలుచుకుంటాను.

మా పైన ట్రైనరు, సైన్యంలో చేసి వచ్చిన సుబేదారుగారు. కుక్కతో డ్యూటీకి వెళ్లేవాళ్లు హ్యాండ్లర్లు. కుక్కపిల్లకు మొదటి పాఠాలు నేర్పి హ్యాండ్లరుకు అప్పగించడం నా వంతు. కూర్చో, ఆగు, రా... మాట ఒక్కసారే అనాలి, చెప్పింది చేయగానే మెచ్చుకోవాలి. అన్నిటికన్నా కష్టం అన్నం పాఠం. పళ్లెం ముందున్నా, 'తిను' అనేదాకా ముట్టకూడదు. అది రాని కుక్కకు దొంగ ఓ మాంసం ముక్క విసిరితే చాలు.

జూలీ అనే అల్సేషియన్ పిల్ల ఆ పాఠం తొందరగా పట్టేసింది. ఇంతలో అమ్మకు జబ్బు చేసి నేను భీమిలి వెళ్లవలసి వచ్చింది. జూలీని దాని హ్యాండ్లరు కాబోయే అప్పలనాయుడికి ఒప్పజెప్పాను. అతను పెందుర్తి వైపు రైతుబిడ్డ.

తిరిగి వచ్చిన ఉదయం అతను గేటు దగ్గరే ఎదురయ్యాడు. "ఏటి రూతమ్మగారూ, మీ పిల్ల నా సేతి కూడు ముట్టట్లేదు. తిను అన్నాను, బతిమాలేను, ఆకరికి గోవిందా అని కూడా అన్నాను. కదల్దే."

జూలీని వేరే గదిలో ఉంచారు. డొక్కలు లోపలికి పోయాయి. అంతకుముందే ఒక కుక్కపిల్ల అంటురోగంతో అలాగే తిండి మానేసి పోయింది. మధ్యాహ్నం డాక్టరుగారు వస్తారనీ, ఇదీ అదే అంటే మిగతావాటిని కాపాడుకోవడానికి జూలీకి ప్రాణం తీసే సూది వేయించక తప్పదనీ సుబేదారుగారు చెప్పారు.

అన్నం కలిపి ముందు పెట్టి, కంగారులో నేరుగా "తిను" అన్నాను. జూలీ లేచి, కూర్చుని, నా మొహంలోకి చూసింది. మూతి పెట్టలేదు. నిలబడి కళ్లు మూసుకుని, దీని ప్రాణం కాపాడు తండ్రీ అని ప్రార్థించి, ఆమెన్ అన్నాను. కళ్లు తెరవకముందే పళ్లెం నాకుతున్న చప్పుడు వినిపించింది.

మా ఇంట్లో స్తోత్రం చెప్పనిదే అన్నంలో చెయ్యి పెట్టం. జూలీ పళ్లెం దగ్గరా తెలియకుండానే అదే అలవాటు సాగింది. నేను ఆమెన్ అని, కళ్లు తెరిచి 'తిను' అనే లోపే అది తినడం మొదలుపెట్టేదన్నమాట. దానికి అనుమతి 'తిను' కాదు, 'ఆమెన్'.

నేను మోకాళ్లూని దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. సుబేదారుగారు డాక్టరుకు రానక్కర్లేదని కబురు పంపి, ప్రార్థన వంటపాకలో ముగించుకుని పళ్లెం ఎత్తమని ఆర్డరు వేశారు. యార్డులో దొంగకు కూడా ఆమెన్ అనడం వచ్చు అన్నారు.

కుక్కకు అలవాటైన మాటను మార్చడానికి ఒక పద్ధతి ఉంది. కొత్త మాట ముందు, పాతది వెనక; పాతదాన్ని రోజురోజుకూ మెల్లగా అంటూ చివరికి మానేయాలి. అప్పలనాయుడు నా పక్కన నిలబడి 'తిను, ఆమెన్' అనడం సాధన చేశాడు. "మా ఇంటిది ఇన్నాదంటే నాను మతం మారిపోనాననుకుంటాది" అని నవ్వించాడు. కొన్నాళ్లకు జూలీ అతని ఒక్క మాటకే తిన్నది. పరీక్షలో సుబేదారుగారు బయటివాడి చేత మాంసం వేయించి, ఆమెన్ కూడా అనిపించారు. జూలీ తల తిప్పుకుంది.

మనం నేర్పామనుకున్నది వేరు, కుక్కపిల్ల నేర్చుకున్నది వేరు కావచ్చు. ఆ తరువాత నేను సర్వీసులో ఉన్నంతకాలం, ఏ పాఠమైనా నేను గదిలో లేనప్పుడు మరొకరి మాటకు చేసి చూపిస్తేనే వచ్చినట్టు లెక్క వేశాను.