నాలుగో చెక్క

ఎనిమిదేళ్ళుగా నేనొక చెక్కముక్కని మోస్తున్నాను. తూకం వేస్తే అరకిలో కూడా తూగదు. జానెడు పొడుగు, ఒక పక్క లావు, రెండో పక్కకి వచ్చేసరికి పలచన. దాని సంగతి నా భర్తకి తెలియదు, నా కూతురికి తెలియదు. తెలియాల్సినవాళ్ళకి అసలే తెలియదు. మీకు చెప్తున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. ఇదీ ఒక పిరికితనమే.

నన్ను ఎరిగినవాళ్ళెవరూ నన్ను పిరికిదాన్ననరు. ఈ ఐరిష్ ఊళ్ళో, ఆడమ్స్‌టౌన్‌లో, మా తెలుగువాళ్ళ మధ్య నా నోటికి పేరుంది. తప్పు ఎవరిదైనా మొహం మీదే చెప్తానని నేనే గొప్పగా చెప్పుకునేదాన్ని. కాలేజీలో వక్తృత్వం కప్పులు, ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ, ఇక్కడికి రాకముందు ఆరేళ్ళు జూనియర్ కాలేజీలో పాఠాలు. వాలు తలం మీద పెట్టిన వస్తువు ఎందుకు జారుతుందో, ఏది దాన్ని ఆపుతుందో బోర్డు మీద బాణాలు గీసి చెప్పినదాన్ని. ఇది గుర్తుపెట్టుకోండి. తెలియక చేశానని అనుకునే వీలు నాకు లేదు.

ప్రసాద్ మా వీధిలోనే ఉంటాడు. నాకంటే ఆరేళ్ళు చిన్న. అతనూ, భార్య వనజా నన్ను అక్కా అనే పిలుస్తారు. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రాసే మనిషి, ఇంట్లో మాత్రం వడ్రంగి. జింకల వేటకు తిరిగిన ఒక ముసలాయన మోకాళ్ళు అరిగిపోయి తన ట్రైలర్ అమ్మేస్తుంటే కొన్నాడు. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చిన్న బండి. దానికి బ్రేకు కూడా లేదు. శీతాకాలమంతా కూర్చుని దాని వెనక భాగంలో వంటిల్లు కట్టాడు. సొరుగు లాగితే రెండు పొయ్యిల స్టవ్వు బయటికొస్తుంది. పక్కన పోపు డబ్బాకి కొలత తీసి చేసిన అర. సిలిండరుకి విడిగా పెట్టె, నీళ్ళ డబ్బాకి కుళాయి. జింకని వేలాడదీసే కొక్కేనికి మేం అరటిపళ్ళ సంచీ తగిలించాం. నిలిపినప్పుడు చక్రాలు కదలకుండా ముందూ వెనకా పెట్టడానికి నాలుగు చెక్కలు తనే కోసి, నునుపుచేసి, పసుపు రంగు వేసి, వాటిమీద తెలుగు అంకెలు రాశాడు. ౧, ౨, ౩, ౪. ఎందుకయ్యా ఈ సోకు అంటే, "ఎక్కించేటప్పుడు లెక్కపెట్టుకోవచ్చక్కా, ఒకటి తగ్గితే ఏదో తెలుస్తుంది" అన్నాడు.

ఆ వేసవి నాలుగు కుటుంబాలం గాల్వే దాటి ఒక సరస్సు పక్కన టెంట్లు వేసుకున్నాం. రాత్రంతా వాన. పొద్దున తెరిపిచ్చింది. దోసెలు నా వంతు. పెనం పెట్టి పిండి వేశాను. పిండంతా నావైపుకి జారింది. కారు నుంచి విడదీసి ట్రైలర్ నిలిపిన చోటు వెనక్కి వాలుగా ఉంది.

"నీ వంటిల్లు మా అత్తగారిలా ఎప్పుడూ ఒక పక్కకే ఒరుగుతుందేం ప్రసాద్?" అన్నాను. అందరూ నవ్వారు.

"నేల అంతేనక్కా. నాలుగు చెక్కలూ పెట్టాను, కదలదు. ఈ పూటకి వంకర దోసెలే తినిపించండి."

వంకర దోసెలు. నేను? ఎవరూ చూడని వంకరదనానికి తర్వాత అలవాటు పడ్డాను గానీ, నలుగురి కంచాల్లోకి వంకర దోసె వెళ్ళడం ఆ రోజు నాకు నచ్చలేదు. స్టవ్వు కింద పెట్టడానికి ఏదైనా దొరుకుతుందా అని వంగి చూశాను. కుడి చక్రం వెనక చెక్క కనబడింది. తీసి స్టవ్వు కింద దూర్చాను. సరిగ్గా సరిపోయింది. తర్వాత వేసిన దోసె గుండ్రంగా, చంద్రుడిలా వచ్చింది.

చక్రం ముందున్న చెక్క తీసినా నా పని జరిగేది, ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. బండి వెనక్కి వాలి ఉంది, దాన్ని పట్టుకుని ఆపుతున్నవి వెనక చెక్కలే. బోర్డు మీద బాణాలు గీసినదాన్ని. అయినా చేతికి అందింది తీశాను. రెండో చక్రానికి ఉందిగా, చాలదా అనుకున్నాను. అసలు అనుకున్నానా? అప్పుడు ఏమీ అనుకోలేదేమో, తర్వాతే కూర్చుకున్నానేమో. ఎనిమిదేళ్ళుగా ఈ ఒక్క చోట నన్ను నేను నమ్మలేకపోతున్నాను.

"వనజా, కాసేపు నువ్వు వెయ్యి, చట్నీ కారులో ఉండిపోయింది" అని గరిటె ఆమె చేతిలో పెట్టి వెళ్ళాను. నేను నిలబడ్డ చోటే ఆమె నిలబడింది. రెండో పొయ్యి మీద సాంబారు మరుగుతోంది. ప్రసాద్ నిండు నీళ్ళ డబ్బా తెచ్చి ట్రైలర్‌లోకి ఎత్తాడు. బండి ఒక్కసారి కుదిపినట్టయింది. తడిగడ్డి మీద ఎడమ పక్క చెక్క జారింది. బండి గజం దూరం కూడా దొర్లలేదు. ఆ సొరుగుని ఆపుదామని వనజ రెండు చేతులూ అడ్డం పెట్టింది. సాంబారు గిన్నె ఆమె మీదకే ఒరిగింది. ఎడమ తొడ నుంచి పాదం దాకా.

ఆ అరుపు గురించి రాయను. రాస్తే నా బాధ గురించి రాసినట్టవుతుంది. బాధ ఆమెది.

అందరూ ఆమె చుట్టూ ఉన్నారు. శిబిరం నడిపే ఐరిష్ ఆవిడ చన్నీళ్ళు పోస్తూ, ఇంకో చేత్తో అంబులెన్స్‌కి ఫోన్ చేస్తోంది. వనజ పిల్లల్ని అటు చూడనివ్వకుండా నా కూతురు అడ్డంగా నిలబడింది. నేనేం చేస్తున్నాను? నేను స్టవ్వు కిందనుంచి జారి గడ్డిలో పడ్డ పసుపు చెక్కని చూస్తున్నాను. చూసి, వంగి తీసి, సగం ఖాళీ అయిన పిండి డబ్బాలో ముంచి మూత పెట్టాను. ఎవరూ నన్ను అడగలేదు. ఎవరికీ అనుమానం కూడా లేదు. మనసు ఇంకా ఏమీ తేల్చుకోకముందే చేతులు ఆ పని చేసేశాయి. నా చేతులే.

అక్కడితో ఆగి ఉంటే కంగారులో చేశానని చెప్పుకునేదాన్నేమో. ఆగలేదు.

మర్నాడు వనజ ఆసుపత్రిలోనే ఉంది. సామాను సర్దడానికి ప్రసాద్ మాతో పాటు వెనక్కి వచ్చాడు. రాత్రంతా కుర్చీలో కూర్చున్న మొహం. వచ్చీ రాగానే మోకాళ్ళ మీద వంగి చక్రాల కింద వెతికాడు.

"మూడే ఉన్నాయక్కా. నాలుగోది లేదు."

ఇప్పుడు చెప్పొచ్చు. ఆ క్షణం నా ముందు తలుపులా తెరుచుకునే ఉంది.

"ఎన్ని పెట్టావు?" అన్నాను.

"నాలుగూ పెట్టినట్టే గుర్తు."

"గుర్తు వేరు, పెట్టడం వేరు ప్రసాద్. పెడితే ఎక్కడుంది, చూపించు."

"ఎవరైనా తీసి ఉంటారా అక్కా?"

ఆ మాట అతను నన్ను ఉద్దేశించి అనలేదు. ఎవరినీ ఉద్దేశించలేదు. పాపం, తనని తాను ప్రశ్నించుకున్నాడు. నాకు మాత్రం ఒళ్ళంతా మంట రేగింది.

"ఎవరు తీస్తారు, దెయ్యాలా? అక్కడ పెళ్ళాం కాలు కాలి పడుంటే, ఇక్కడ తప్పు ఎవరి నెత్తిన రుద్దుదామా అని చూస్తున్నావా? మీ నాన్నగారికీ ఇలాగే మొదలైందని నువ్వే కదా చెప్పావు. చేసినవి చేయలేదనీ, చేయనివి చేశాననీ."

వాళ్ళ నాన్నకి మతిమరుపు జబ్బు. చివర్లో కొడుకు మొహం కూడా పోల్చుకోలేదు. తనకీ అదే వస్తుందేమోనన్న భయం ప్రసాద్ ఒకసారి నాకొక్కదానికే, అక్కనని నమ్మి చెప్పుకున్నాడు. దాన్ని తీసి మూడు కుటుంబాల ముందు అతని మొహాన కొట్టాను. వాదనలో చేతికి ఏది దొరికితే అది విసరడం నాకు అలవాటు. ఆ రోజు నాకు దొరికింది అది.

అతను మూడు చెక్కల్నీ చేతిలో పట్టుకుని చూశాడు. "అయ్యుంటుందక్కా. పెట్టలేదేమో" అన్నాడు.

నేను గెలిచాను. జీవితంలో నేను గెలిచిన వాదనలన్నిట్లోకీ అదే తిరుగులేనిది. ఎదుటివాడు తన కళ్ళతో చూసినదాన్నే కాదనుకున్నాడు.

వనజ కాలికి చర్మం అతికారు. నడుస్తుంది, పనికి వెళ్తుంది. ఎండ కాసినప్పుడు కూడా మోకాలి కింద ఏమీ కనబడనివ్వదు. ప్రసాద్ ట్రైలర్ అమ్మేశాడు, రంపం కూడా అమ్మేశాడు. జీపీ డాక్టరు దగ్గరకెళ్ళి పరీక్షలు చేయించుకున్నాడు. మీరు గ్రాండ్ అని, అంటే బాగానే ఉన్నారని, పంపించారట. నమ్మలేదు. మాటా మాటా పెరిగినప్పుడల్లా వనజ ఒక మాట అంటుంది. నా ఎదుటే రెండుసార్లు అంది. "ఆ రోజూ పెట్టాననే అన్నావుగా." ఆ మాటతో అతను లేచి వెళ్ళిపోతాడు. ఆ మాట ఆమెకి ఇచ్చింది నేను. నేను ఇచ్చానని ఆమెకి తెలియదు. కాలికి కట్టు మార్చాల్సిన రోజుల్లో రోజూ నేనే వండి తీసుకెళ్ళాను. నాలాంటి అక్క దొరకదని ఏడ్చింది. ఏడుస్తుంటే వీపు నిమిరాను. అది చేయగలిగిన మనిషి ఇంకేదైనా చేయగలదు కదా? నాకు నేనంటే భయం వేసింది అప్పుడే.

ఎన్నిసార్లు చెప్పబోయాను? లెక్క చెప్తే ఏదో ప్రయత్నించినట్టుంటుంది. చెప్పలేదు, అంతే. చెప్తే వనజ నాకు దూరమవుతుందని భయం. దానికంటే పెద్ద భయం ఇంకొకటుంది, రాయడానికి సిగ్గుగా ఉంది. ఇకమీదట నేను ఎవరి తప్పు ఎత్తి చూపినా నవ్వుతారని.

పోయిన ఆదివారం వాళ్ళింట్లో, వాళ్ళ చిన్నమ్మాయి పుట్టినరోజు ఫోటో చూపిస్తానని ప్రసాద్ ఫోన్ నా చేతికిచ్చాడు. వేలితో జరిపాను. పిల్ల ఫోటోకి ముందు స్టవ్వు బొత్తాల ఫోటో. ఇంకా జరిపితే తాళం వేసిన తలుపు. మళ్ళీ స్టవ్వు బొత్తాలు. కారు హ్యాండ్ బ్రేకు. తాళం. బొత్తాలు. రోజుకి ఐదో ఆరో, ఏళ్ళ తరబడి. "అది నా రోగంలెండక్కా" అని నవ్వి ఫోన్ తీసుకున్నాడు. "ఫోటో లేకపోతే కట్టేశానని నాకే నమ్మకం ఉండదు." పక్కనుంచి ఆ పిల్ల, "డాడ్, you're grand, I saw you turn it off" అంది, అచ్చం ఇక్కడి పిల్లల యాసలో. తొమ్మిదేళ్ళ పిల్ల తండ్రికి సాక్ష్యం చెప్తోంది. సాక్ష్యం చెప్పాల్సిన మనిషి కేకు తింటూ కూర్చుంది.

ఇంటికొచ్చి, ఇక్కడివాళ్ళు ప్రెస్ అనే అలమార పై అరలోంచి, పాత గ్రైండర్ వెనకనుంచి ఆ చెక్కని తీశాను. రెండుసార్లు చెత్తబుట్టలో వేసి రెండుసార్లూ తెచ్చుకున్నాను. ఎందుకో అడగకండి. పిండి ఎంత కడిగినా అంకె గీతల్లో కొంచెం తెల్లగా మిగిలే ఉంది. ఇప్పుడు ఈ కాగితం పక్కనే ఉంది.

నన్ను క్షమించమని అడగను. ఆ అధికారం మీకు లేదు, ఉన్నవాళ్ళని అడిగే ధైర్యం నాకింకా రాలేదు. వస్తుందో రాదో మాటివ్వలేను. నా మాటకి విలువెంతో మీరిప్పుడే చూశారు. ఒక్క వాక్యం మాత్రం ఒక్కసారైనా ఎక్కడో ఒకచోట నిజంగా ఉండాలి. రాస్తుంటే ఊపిరి కొంచెం ఆడుతోంది.

ప్రసాద్ ఆ రోజు నాలుగు చెక్కలూ పెట్టాడు. అతనికి గుర్తున్నదే నిజం. నాలుగోది తీసింది నేను.