తాతయ్య కోసిన వల

నా చిన్నప్పుడు మా తాతయ్య ఏడవడం చూశాను. ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా పెట్టలేదు.

అప్పుడు మేం కలకత్తాలో, ఖిదిర్‌పూర్ రేవు పక్క బస్తీలో ఉండేవాళ్ళం. నాన్న ఓడలకి ఐసు, డీజిలు ఎక్కించే పని చేసేవాడు. తాతయ్య శ్రీకాకుళం తీరంలో పుట్టి పెరిగిన జాలరి. విదేశీ ఓడలు మా ఊరి ఎదుటికే వచ్చి సముద్రాన్ని ఊడ్చుకుపోవడం మొదలయ్యాక చిన్న తెప్పలు ఖాళీగా తిరిగొచ్చేవట. తాతయ్య తెప్ప అమ్మేసి మా దగ్గరికి వచ్చేశాడు. వల మాత్రం అమ్మలేదు. ఎప్పటికైనా వెనక్కి వెళ్తానని గోనెసంచిలో చుట్టి మంచం కింద దాచుకున్నాడు.

తమ్ముడు పుట్టిన నెలలో అలాంటి ఓడే ఒకటి మరమ్మతుకి మా రేవుకొచ్చింది. మా తీరం ఎరిగిన మనిషి కావాలని వాళ్ళు నాన్నని పనిలోకి పిలిచారు. రేవు పనికంటే మంచి జీతం. ఆదివారంలోగా చెప్పమన్నారు. నాన్నకి వెళ్ళాలనే ఉంది. ఇంటికొస్తూ ఆ ఓడ వల ముక్కొకటి తెచ్చి, తమ్ముడికి ఉయ్యాల కట్టమన్నాడు. నీలం రంగుది, నిగనిగలాడుతోంది.

"ఏనుగుని ఏసినా తెగదు," అన్నాడు గర్వంగా.

తాతయ్య దాన్ని ఒళ్ళో పరుచుకుని, నా చిటికెన వేలు పట్టుకుని ఒక కన్నంలో పెట్టాడు. వేలు సగంలోనే ఇరుక్కుంది.

"నీ ఏలే దూరనేదు, పిల్లచేపేటి దూరతాది? ఇందల మన గుంటడ్ని ఎయ్యను."

"చేపలకా అయ్యా ఇది? ఉయ్యాలకే కదా!" నాన్న నవ్వేశాడు.

మర్నాడు నాన్న పనికి వెళ్ళాక, మధ్యాహ్నం అమ్మ కునుకు తీస్తున్న వేళ, మంచం కిందనుంచి గోనెసంచి బయటికొచ్చింది. తాతయ్య ముందు వలని ముఖానికి ఆనించుకుని వాసన చూశాడు. తర్వాత నన్ను ఒక కొస పట్టుకోమని, కత్తితో కోయడం మొదలుపెట్టాడు. మధ్యలో ఆగి తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. నేను కొసని ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

కాసేపటికి ధైర్యం చేసి అడిగాను. "ఇంత పెద్ద కన్నాలైతే చేపలు పోవా తాతా?"

"ఒగ్గేయాలనే కదే అమ్మీ, అలా అల్లినాను. చిన్నవి ఎల్లిపోవాల. ఎదిగినాక అయ్యే వస్తాయి."

సాయంత్రం నాన్న వచ్చేసరికి తమ్ముడు తాతయ్య వలతో కట్టిన ఉయ్యాలలో నిద్రపోతున్నాడు. వాడి పాదం ఒకటి కన్నంలోంచి బయటికొచ్చి వేలాడుతోంది. నాన్న వలని చూడగానే గుర్తుపట్టాడు. నీలం ముక్క ఏదని అడగలేదు. చాలాసేపు ఆ పాదాన్ని అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. ఆదివారం ఓడ దగ్గరికి వెళ్ళలేదు. ఆ తర్వాత ఇల్లు గడవడం కష్టమైనప్పుడల్లా అమ్మ ఆ జీతం మాట ఎత్తేది. నాన్న తువ్వాలు భుజాన వేసుకుని పనికి వెళ్ళిపోయేవాడు.

కొన్నాళ్ళకి ఊరినుంచి కబురొచ్చింది. ఆ ఓడలకి అనుమతులు ఆపాలని మా వాళ్ళు సముద్రం ఒడ్డున దీక్షకి కూర్చుంటున్నారట. తాతయ్య వెంటనే బయల్దేరాడు.

"తెప్ప నేదు, వల నేదు, నువ్వెల్లి ఏటి సేస్తావయ్యా?" అన్నాడు నాన్న.

"కూకోడానికి వలెందుకురా?"

అలా వెళ్ళిన తాతయ్య మళ్ళీ కలకత్తా రాలేదు. ఆ చలికాలంలో అక్కడే పోయాడు.

నలుగురిలో నోరు విప్పలేని మనిషిని నేను. అయినా బజారులో చిటికెన వేలంత చేపల కుప్ప కనిపిస్తే మాత్రం, "వీటిని ఎదగనివ్వాల్సింది, దాదా," అని అమ్మేవాడితో అనకుండా ఉండలేను. నా గొంతు నాకే కొత్తగా వినిపిస్తుంది. వెంటనే హౌరా స్టేషన్ గుర్తొస్తుంది. తాతయ్య ఊరికి వెళ్ళిపోయిన రోజు, రైలు కదలబోతుంటే కిటికీ ఊచల మధ్యనుంచి చెయ్యి లోపలికి చాచాను. తాతయ్య దాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఊచల వంక చూసి నవ్వాడు.

"సూసినావా, నీ సెయ్యింకా దూరతంది. ఎల్లిపో అమ్మీ, ఇంకా ఎదగాల నువ్వు."